పదైదు సెకన్లు

ఈ తలుపు నూకితే వెంటనే తెరుచుకోదు.
ఎర్ర లైటు ఎలుగుతాది, నా నడుముకాడ డబ్బా కూస్తాది,
పదైదు సెకన్లు.
అంతలో నేను వరండా ఆ కొసనుంచి ఈ కొసకు రావల్ల.
నేర్పించిన రోజు కేరళ సిస్టరు గడియారం పట్టుకోని నిలబడింది.
తొలిసారి పంతొమ్మిది పట్టింది నాకు.
"నాలుగు సెకన్లంటే, ఓబుళమ్మా,
రోడ్డు మీద ఒక ముసలామె" అనింది.
మరుసటి రోజే గుడ్డబూట్లు కొనుక్కున్నా, రెండు దీనార్లు.

జహ్రాకు చివర ఈ ఇల్లు.
గోడ దాటితే లారీలు పోయే రోడ్డు, అది దాటితే ఇసుక.

ఉమ్ గానిమ్ రెండున్నరకు లేస్తాది.
తలగడ గలీబులో దువ్వెన, రెండు ఖర్జూరాలు, గ్లాసు మూత
వేసి మూట కడతాది.
"కత్తెర యాడ పెట్టినావు?" అని నన్నే గదురుకుంటాది.
మంత్రసాని.
గుడారాల్లో, కరెంటు రాని ఇండ్లల్లో
నాలుగొందల మందిని బయటేసిన చేతులు
ఇప్పుడు బొత్తాము పెట్టుకోలేవు.

ఎవరికి నొప్పులని అడగకూడదని
ఆర్నెల్లకు నేర్చుకున్నా. పేరు గుర్తురాక ఏడుస్తాది.
ఎన్నో కాన్పు అని అడగల్ల.
అది మటుకు తడుముకోకుండా చెప్తాది.

తలుపు ముందర నల్లపట్ట పరిచినారు.
మతి తప్పినోళ్ళ కండ్లకు అది గుంత మాదిరి కనపడతాదంట,
అడుగెయ్యరంట. కంపెనీవాడు నవ్వుతా చెప్పినాడు.
నిజమే, పక్క గది పోలీసాయన దానికాడికొచ్చి
సెల్యూట్ కొట్టి మల్లుకుంటాడు.
ఈమె మూట సంకన పెట్టి, బురఖా అంచు ఎత్తిపట్టి
గుంతలోకే దిగుతాది,
వంక దాటినట్టు మోకాళ్ళు ఎత్తెత్తి వేస్తా.
కాన్పుకు పోయేటోళ్ళను గుంత ఆపుతాదా?

వాహిద్, ఇత్నేన్, తలాతా...
ఉరికేటప్పుడు లెక్క అరబ్బీలోనే వస్తాది నాకు.
పదకొండుకు అందుకుంటా.
చెయ్యి పట్టుకోను, పట్టుకుంటే కొడతాది.
పక్కన నిలబడి, "నేనూ వస్తా, ముందు నీళ్ళు కాగనీ" అంటా.
నీళ్ళు అనే మాటకు ఆగుతాది.
వంటింట్లో కెటిల్ కూస్తాది. ఆవిరి చూస్తే ఆమెకు నిమ్మళం.
టీ నేను తాగుతా.

"నీకెంతమంది?"
ఇద్దరమ్మా. పెద్దోడు బద్వేలు ఆసుపత్రిలో,
చిన్నది దోవలో, ఆటోలో.
"బొడ్డు దేంతో కోసినారు?"
ఆటో అబ్బి దగ్గర గడ్డం బ్లేడు ఉంటే.
"కాంచినారా?"
లేదమ్మా.
ఇంక చూడు, ప్రతి రాత్రీ కొత్తగా కోపం,
నన్ను, ఆటో అబ్బిని, మా అత్తను కలిపి తిడతాది.

పోయిన నెల బేస్తవారం, డ్యూటీ దిగే టయానికి,
అగ్గి పరీక్ష. గంట మోగితే చాలు
సూదంటురాళ్ళు పట్టు వదిలేస్తాయి, అన్ని తలుపులూ ఒకేసారి.
చెప్పినారు గానీ మర్చిపోయినా.
తలుపు బార్లా పడింది. ఎండ, దుమ్ము, లారీల మోత.
గడపలో ఉమ్ గానిమ్. చేతిలో మూట లేదు.
తెల్లారినాక ఆమె మంత్రసాని కాదు.

నేను ఉరకలేదు. లెక్కపెడతా నిలబడినా.
పదైదు దాటె, ఇరవై దాటె.
మొగానికి గాలి తగిలింది,
శుక్రవారం కాని రోజు బయటిగాలి, పద్నాలుగు నెలలకు.
నా పాసుపోర్టుండే బీరువాకు
ఎర్ర లైటూ లేదు, సెకన్లూ లేవు. ఎంతసేపు నూకినా అంతే.

ఆమె నా గుడ్డబూట్లు చూసింది.
"పో, బింతీ, సయ్యారా నీకోసమే వచ్చింది.
తలుపు నేను పట్టుకుంటా."
నిజంగానే పట్టుకునింది, రెండు చేతులతో.
గంట ఆగినాక తలుపు మెల్లగా మూసుకుంటాంటే
వేళ్ళు నలుగుతాయని నేనే విడిపించినా. ఆ పొద్దు కొట్టలేదు.

రిజిస్టరులో రాసినా: తలుపు తెరుచుకునింది. ఎవరూ పోలేదు.

ఆ రాత్రి రెండున్నరకు మళ్ళీ అడిగింది, బ్లేడు కాంచినారా అని.
కాంచినామమ్మా, బాగా మరిగే నీళ్ళల్లో, అన్నా.